‘కొంచెం చూస్తుండమ్మా’ అన్న మాట గురించి: ఆసుపత్రి పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా సీమలోనే. ఏయే ఆసుపత్రుల్లో చేశానో ఇక్కడ రాయను. రాస్తే ఇది ఆ ఒక్క ఆసుపత్రి గొడవ అయిపోతుంది, మిగతావాళ్ళు హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేస్తారు. నేను చెప్పబోయేది మీ అందరి వార్డుల్లోనూ ఈ రాత్రి ఎనిమిదింటికి జరగబోయేదే.

ముందు నా తప్పు చెప్తాను.

అక్టోబరు చివరి రోజులు. శెనక్కాయ పీకే కాలం. ఆ నెలల్లో మా మెడికల్ వార్డుకు పాము కాటు కేసులు వరసగా వచ్చేవి. పీకిన చెట్లు కుప్పేసి, మళ్ళీ ఎత్తుకునేటప్పుడు కింద చెయ్యి పెడతారు. అక్కడ రక్తపింజరి చుట్టుకుని ఉంటుంది. ఆ సాయంత్రం వచ్చినామెకు ముప్పై ఏళ్ళుంటాయి. వేళ్ళ సందుల్లో ఇంకా మట్టి ఉంది. చెయ్యి మోచేతి దాకా వాచింది. గాజులు బిగుసుకుపోతే వాళ్ళ అత్తే రాయితో పగలగొట్టి తీసుకొచ్చింది. పామును ఎవరూ సరిగ్గా చూడలేదు.

డ్యూటీ డాక్టరు 20 నిమిషాల రక్త పరీక్ష పెట్టమన్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, ఇంత సులువైన, ఇంత విలువైన పరీక్ష మా చేతుల్లో ఇంకోటి లేదు. శుభ్రమైన, పొడి గాజు టెస్ట్‌ట్యూబులో అప్పుడే తీసిన రక్తం 2 మిల్లీలీటర్లు పోసి, స్టాండులో పెట్టి, 20 నిమిషాలు ముట్టుకోకూడదు. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. నీళ్ళలా జారితే, రక్తం గడ్డకట్టే గుణాన్ని విషం తినేస్తోందని అర్థం. వెంటనే యాంటీవీనం, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఎక్కించాలి. గడ్డకడితే కాస్త ఆగి మళ్ళీ మళ్ళీ పరీక్ష పెట్టి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు. సబ్బుతో కడిగిన ట్యూబు పనికిరాదు. మధ్యలో ఊపితే మొదటికే మోసం. ల్యాబు మూసేసినా, కరెంటు పోయినా చేసుకోవచ్చు. కావాల్సిందల్లా ఒక గడియారం, దాని దగ్గర నిలబడే ఒక మనిషి.

7.40కి రక్తం పోశాను. 8 గంటలకు నా డ్యూటీ అయిపోతుంది, నైట్ సిస్టర్ ఓవర్, అంటే రోగుల అప్పగింత, తీసుకుంటుంది. ఈలోపు క్యాజువాలిటీ నుంచి ఫిట్స్ కేసు ఒకటి పైకి వచ్చింది. ట్రే పక్కన జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం అమ్మాయి నిలబడి ఉంది. వెళ్తూ వెళ్తూ ఆ పిల్లతో అన్నాను: ‘ఈ ట్యూబు కొంచెం చూస్తుండమ్మా.’

‘సరే మేడమ్’ అంది.

ఐదు నిమిషాలకు ఇంకో సిస్టర్ వచ్చి, ఊరికే నిలబడ్డావు కదా అని, ఒక ముసలాయన్ని ట్రాలీ మీద ఎక్స్‌రేకి తీసుకెళ్ళమంది. ఆ పిల్ల కాదనలేదు. స్టూడెంట్ ఎప్పుడైనా కాదంటుందా? ఎక్స్‌రే దగ్గర క్యూ. తిరిగొచ్చేసరికి 8.25. గుర్తొచ్చి ట్యూబు వంచి చూసింది. పెరుగు అప్పుడే తోడుకుంటున్నట్టు మెత్తగా గడ్డకట్టి ఉంది. ‘గడ్డకట్టింది మేడమ్’ అని నైట్ సిస్టర్‌కి చెప్పింది. నైట్ సిస్టర్ కేస్ షీట్‌లో అదే రాసింది. ఎన్ని గంటలకు పోశారు, ఎన్ని గంటలకు చూశారు అన్నది ఎవరూ రాయలేదు. 20 నిమిషాలకు గడ్డకట్టని రక్తం 45 నిమిషాలకు కట్టొచ్చు. ఆ సంగతి తెలిసిన మనిషిని నేను. అప్పటికి బస్సులో ఉన్నాను.

రిపోర్టు మంచిగా ఉంది కాబట్టి మళ్ళీ పరీక్ష పెట్టాలన్న తొందర ఎవరికీ కలగలేదు. ఆ రాత్రి వార్డులో యాభైకి పైగా రోగులు, ఒక్క నర్సు. తెల్లవారుజామున మూడింటికి ఆమె మొగుడు వచ్చి నైట్ సిస్టర్‌ని పిలిచాడట: ‘సిస్టరమ్మా, పండ్ల సందుల్లో రక్తం వస్తాండాది.’ అప్పుడు పది వయల్స్ (చిన్న మందు సీసాలు) యాంటీవీనం ఎక్కించారు. ఆలస్యమైంది. మూత్రం తగ్గిపోయింది. డయాలసిస్ దాకా వెళ్ళి, మూడు వారాలకు ఆమె ఇంటికి చేరింది. బతికింది.

తర్వాత విచారణ. స్టూడెంట్‌ని స్కూలు ప్రిన్సిపాల్ ముందు నిలబెట్టారు. నైట్ సిస్టర్‌కి మెమో. నన్ను సంజాయిషీ రాయమన్నారు, రాశాను: ‘పరీక్షను పర్యవేక్షించే పనిని విద్యార్థినికి అప్పజెప్పి, డ్యూటీ ముగించుకుని వెళ్ళాను.’ అందులో అబద్ధం లేదు. ‘ఏమని అప్పజెప్పావు?’ అని మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేను ఆ రెండు మాటలు చెప్పాల్సి వచ్చేది. కొంచెం చూస్తుండమ్మా.

ఏం చూడాలి? ఎంతసేపు? మధ్యలో ఎవరైనా పిలిస్తే ఏం చేయాలి? చూశాక ఎవరికి చెప్పాలి? ఇవేవీ ఆ మాటలో లేవు. ‘సరే మేడమ్’లో కూడా ఏమీ లేదు. ఆ పిల్ల ఆ పరీక్షను అంతకుముందు ఎప్పుడైనా చేసిందా అని నేను అడగలేదు. పని అప్పజెప్పాననుకున్నాను. నిజానికి నా చేతిలోది తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి పారిపోయాను.

మా ఆయన గుంతకల్లు డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పుకుని ఏడిస్తే, ఆయన ఓదార్చకుండా ఒక ప్రశ్న వేశాడు: ‘నీకు ప్రైవేట్ నంబరు ఇచ్చిందా ఆ పిల్ల?’ రైల్వేలో సిగ్నల్‌తో ముడిపడని లెవెల్ క్రాసింగ్ ఉంటే, బండి వదిలే ముందు స్టేషన్ మాస్టరు గేట్‌మన్‌కి ఫోన్ చేస్తాడు. గేటు మూశాను సార్ అంటే సరిపోదు. మూశాక గేట్‌మన్ తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబరు చదవాలి. స్టేషన్ మాస్టరు దాన్ని టైముతో సహా రాసుకోవాలి. ఒకసారి వాడిన నంబరు కొట్టేస్తారు, మళ్ళీ వాడకూడదు. నంబరు చేతికి రాకపోతే గేటు మూసినట్టు కాదు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా స్నేహితులైనా సరే, రోజూ కలిసి టీ తాగేవాళ్ళైనా సరే. ‘మాకు గేదె అడ్డమొస్తుందేమో అని ఇంత తంతు. మీకు మనిషి ప్రాణం కదా, ఏం తంతు ఉంది?’ అన్నాడు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది గానీ, నాకు ఈ విషయంలో పాఠం చెప్పిన గురువు ఆయనే.

మా చదువులో లేదని కాదు. సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన ఆదేశం, సరైన పర్యవేక్షణ అని ఐదు సూత్రాలు మేనేజ్‌మెంట్ పేపరులో బట్టీ పట్టిస్తారు. అమెరికా నర్సింగ్ బోర్డుల మండలి దగ్గర్నుంచి వచ్చినవవి. ఐదు మార్కుల ప్రశ్న. నేనూ రాశాను, మార్కులూ వచ్చాయి. వార్డులోకి వచ్చాక ఆ ఐదింటి బదులు ఒకటే సూత్రం నేర్చుకుంటాం: దగ్గర్లో ఎవరుంటే వాళ్ళకి చెప్పు.

దగ్గర్లో ఎవరుంటారు? స్టూడెంట్. లేదా ఎఫ్‌ఎన్‌వో, ఎంఎన్‌వో, అంటే వార్డులో సాయం చేసే ఆడ, మగ ఆర్డర్లీలు. వాళ్ళూ లేకపోతే రోగి తాలూకు మనిషి. మన వార్డుల్లో సగం నర్సింగ్ చేసేది రోగి తల్లి, అత్త, తమ్ముడు. సెలైన్ బాటిల్ అయిపోతే పరిగెత్తుకొచ్చేది వాళ్ళు. మూత్రం సంచి ఖాళీ చేసి, ఎంతుందో చెప్పకుండా పారబోసేది వాళ్ళు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి కాఫీ తాగించేది వాళ్ళు. ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని సెలైన్ చుక్కల వేగం మార్చే చక్రం పూర్తిగా తెరిచేసి, గంటలు పట్టాల్సిన బాటిల్‌ను అరగంటలో గుండెకాయ జబ్బు మనిషికి ఎక్కించేసిన కొడుకుని నేను చూశాను. వాడి తప్పేముంది? పొద్దున ‘బాటిల్ చూస్తుండు నాయనా’ అని చెప్పింది మేమే. చక్రం ముట్టుకోవద్దని చెప్పలేదు.

ఎవరికి ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నది ప్రతి వార్డులో ప్రతి హెడ్ నర్సూ తన మనసులో తేల్చుకుంటోంది. మీరు కాగితం మీద తేల్చలేదు. నేను చూసిన ఏ ఆసుపత్రిలోనూ అలాంటి కాగితం గోడ మీద లేదు. చెయ్యి కడుక్కునే బొమ్మలు ఉన్నాయి, రోగుల హక్కుల బోర్డు ఉంది. ఎఫ్‌ఎన్‌వో ఏ పని చేయకూడదో చెప్పే నాలుగు లైన్లు లేవు. వాళ్ళు నడిపించొచ్చు, పక్క మార్పించొచ్చు, తినిపించొచ్చు, శాంపిల్ తీసుకెళ్ళొచ్చు. ఇంజెక్షన్ ముట్టకూడదు, మూడో రోజు ఆపరేషన్ మనిషి గాయం ఎలా ఉందో ‘బాగుందిలే’ అని తీర్పు చెప్పకూడదు. చేసే పని చెయ్యి దాటించొచ్చు గానీ, చూసి అర్థం చేసుకుని నిర్ణయించే పని దాటించకూడదు. గర్భిణికి ఫిట్స్ వచ్చి మెగ్నీషియం సల్ఫేట్ పెడుతున్నప్పుడు ప్రతి డోసుకు ముందూ మోకాలి మీద తట్టి కాలు ఎగురుతోందా చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, మూత్రం ఎంత వచ్చిందో చూడాలి. మూడూ చూసి డోసు ఇవ్వాలా ఆపాలా అనుకునేది నర్సు. మూత్రం కొలిచి చెప్పమని ఇంకొకరిని అడగొచ్చు. ఆ మిగతాది అడక్కూడదు.

ఇన్సులిన్ మాటా చెప్పాలి. మన దేశంలో వయల్స్ రెండు రకాలు వస్తాయి. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకోటి. సిరంజీలూ రెండు. ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. ట్రేలో రెండూ కలిసిపోయి ఉంటాయి. రాత్రి ట్యూబ్‌లైట్ వెలుతురులో ఎరుపూ నారింజా దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. 100 రకం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే రోగి ఒంట్లోకి వెళ్ళేది 20 యూనిట్లు కాదు, 50. ‘ఆ పెద్దాయనకి ఇన్సులిన్ ఇచ్చెయ్యమ్మా’ అని స్టూడెంట్‌కి చెప్పే ముందు ఆ పిల్లకి ఈ లెక్క వచ్చా అని అడిగే తీరిక మాకు లేదు. ఇండెంట్ (కావాల్సిన మందుల పట్టీ) పెట్టేటప్పుడే ఒకే రకం తెప్పించగల అధికారం మీకు ఉంది.

మీరు అనే మాట నాకు తెలుసు. ‘అక్కా, నువ్వు రిటైరై ఇంట్లో కూర్చుని చెప్తున్నావు. మనుషులెక్కడున్నారు?’ నిజమే. బోధనాసుపత్రి సాధారణ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదు పడకలకు ఒకరు, సెలవుల కోసం పైన 30 శాతం అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మూడు షిఫ్టులకూ పంచితే బోధనాసుపత్రిలో కూడా ఒక్కొక్కరి వాటాకి తొమ్మిది పడకలు. మా నైట్ డ్యూటీలో పడకల మీదవాళ్ళు నలభై, కింద చాపల మీదవాళ్ళు పది. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల ఆపరేషన్ రోగుల మీద ఒక పరిశోధన అచ్చయింది. నర్సు చేతిలో ఒక్క రోగి పెరిగితే, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. వాళ్ళు లెక్కేసింది ఒక్కరికి నలుగురా, ఎనిమిది మందా అన్న తేడా. మన సంగతి ఆ పట్టికలో ఇమడదు. కాబట్టి పోస్టులు భర్తీ చేయమని అడుగుతూనే ఉండాలి, సంఘాలు అడుగుతూనే ఉన్నాయి.

కానీ అన్నింటికీ ఆ ఒక్క జవాబే చెప్పి ఊరుకోవడం నాకు నచ్చదు. మనుషులు తక్కువున్నచోటే పని ఎక్కువగా చేతులు మారుతుంది. చేతులు మారేచోటే జారిపడుతుంది. ఆ సాయంత్రం నాకు ఇంకో నర్సు దొరికి ఉంటే మంచిదే. దొరకకపోయినా, ‘ఎనిమిది గంటలకు వంచి చూడు, ఎవరు పిలిచినా ఇక్కడి నుంచి కదలొద్దు, నైట్ సిస్టర్‌కి టైముతో చెప్పు, ఇప్పుడు నేను చెప్పింది మళ్ళీ చెప్పు’ అనడానికి పావు నిమిషం చాలు. ఆ పావు నిమిషం నా దగ్గర ఉంది. అలవాటు లేదు. అలవాటు చేయించే పెద్దదిక్కు నాకంటే ముందువాళ్ళకూ లేదు.

ఆ పెద్దదిక్కు హెడ్ నర్సే కావాలి. ఆమె ఎక్కడుంది? నేను హెడ్ నర్సుగా ఉన్న రోజుల్లో పొద్దున్నే దోబీ లెక్క. దుప్పట్లు ఎన్ని వెళ్ళాయి, ఎన్ని వచ్చాయి, చిరిగినవి ఎన్ని. తర్వాత మందుల ఇండెంట్, స్టోర్ దగ్గర నిలబడటం, డైట్ లిస్టు, పాడైన ఫ్యాను గురించి ఎలక్ట్రీషియన్‌ని బతిమాలుకోవడం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే రెండు వారాలు రిజిస్టర్లే. ఆసుపత్రుల నాణ్యతను తనిఖీ చేసే ఎన్‌క్వాస్ బృందం వచ్చిన రోజు మా వార్డు రిజిస్టర్లకు అట్టలు కొత్తవి, లేబుళ్ళు కొత్తవి. మంచాల దగ్గర ఎవరు ఎవరికి ఏం అప్పజెప్పుతున్నారో చూడాల్సిన మనిషి ఆఫీసు గదిలో అట్టలేస్తోంది. నా ఉద్యోగంలో దుప్పటి పోయిందని నాకు రెండుసార్లు రికవరీ వేశారు, అంటే జీతంలోంచి కోశారు. స్టూడెంట్‌కి ఇన్సులిన్ సిరంజీ ఎందుకిచ్చావని ఒక్కసారి కూడా అడగలేదు. దుప్పటి లెక్కకు ఒక గుమాస్తా చాలడా?

ఓవర్ సంగతి కూడా మంచాల దగ్గరే తేలాలి. పొద్దున షిఫ్టు 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. వచ్చేవాళ్ళు ఎనిమిదికి వస్తారు, వెళ్ళేవాళ్ళు ఎనిమిదికి వెళ్తారు. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఎవరి లెక్కలోనూ లేదు. ఆ లేని సమయంలోనే యాభై మంది రోగులు చేతులు మారుతున్నారు. టేబుల్ దగ్గర నిలబడి, ‘పన్నెండు కొత్త కేసు, ఇరవై ఒకటి షుగరు, మిగతావన్నీ పాతవే’ అని బ్యాగు తగిలించుకుంటూ చెప్పే ఓవర్ నేనూ ఇచ్చాను. డ్యూటీ చార్టులో 20 నిమిషాలు రెండు షిఫ్టులూ కలిసి ఉండేలా రాయండి. ఆ 20 నిమిషాలను డ్యూటీగా లెక్కపెట్టండి. బస్సులు దొరకవని వాళ్ళు మొదట గొడవ చేస్తారు, నేనైనా చేసేదాన్నే.

ఇక మెమోలు. ఆ పాము కాటు కేసు తర్వాత మా ఆసుపత్రిలో ఏం మారిందో చెప్పనా? స్టూడెంట్లు టెస్ట్‌ట్యూబుల వైపు చూడటం మానేశారు. నర్సులు టైము రాయడం మొదలుపెట్టారు, అయితే 20 నిమిషాలకు సరిపోయేలా లెక్క చూసుకుని రాశారు. అంటే తప్పు ఆగలేదు, కనిపించడం ఆగింది. ఒక నర్సు వచ్చి ‘మేడమ్, తప్పు మందు ఎక్కించబోయి ఆగాను, రెండు వయల్స్ ఒకేలా ఉన్నాయి’ అని చెప్పగలిగితే, రేపు ఇంకొకరి చేతిలో జరగబోయేది మీకు ఈ రోజే తెలుస్తుంది. చెప్పినందుకు సంజాయిషీ అడిగితే ఆ మాట మీదాకా రాదు. తాగి డ్యూటీకి వచ్చినవాళ్ళకి, కావాలని చేసినవాళ్ళకి మెమో ఇవ్వండి, నేను అడ్డం రాను. తప్పు ఎలా జరిగిందో తనంతట తాను వచ్చి చెప్పినవాళ్ళకి కుర్చీ వేయండి.

స్టూడెంట్ల విషయంలో ఒక్క మాట. ‘కాదు మేడమ్, నేను ఇక్కడి నుంచి కదలకూడదు, ఆమె నన్ను ఇక్కడ ఉండమన్నారు’ అని పద్ధెనిమిదేళ్ళ పిల్ల ఒక సీనియర్ సిస్టర్‌తో అనగలగాలి. మన ఇళ్ళలోనే పెద్దవాళ్ళకి ఎదురు చెప్పొద్దని పెంచుతాం కదా, వార్డులో ఒక్కసారిగా ఎలా అంటుంది? అనొచ్చని మీరు అందరి ముందూ చెప్పాలి. మొదటిసారి అన్న పిల్లని ఎవరూ విసుక్కోకుండా చూడాలి. ఆ పని సర్క్యులర్‌తో అవదు, నర్సింగ్ సూపరింటెండెంట్ రౌండ్స్‌లో నిలబడి చేయాల్సిందే. ఆ రోజు ట్రాలీ పట్టుకున్న పిల్ల తర్వాత కోర్సు పూర్తి చేసింది, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఐసీయూలో పనిచేస్తోంది. నాలుగేళ్ళ కిందట నేనే ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ‘మేడమ్, నేను ఇప్పుడు జూనియర్లకి ఏం చెప్పినా మళ్ళీ చెప్పించుకుంటాను, వాళ్ళు నన్ను టేప్ రికార్డర్ అంటారు’ అని నవ్వింది.

ప్రతి సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినోత్సవం చేస్తున్నారు. 2019 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన రోజు అది. ముగ్గుల పోటీ, ప్రతిజ్ఞ, ఫ్లెక్సీ ముందు గ్రూప్ ఫోటో. చేసుకోండి, ముగ్గులు నాకూ ఇష్టమే. ఆ రోజు రాత్రి 7.45కి మాత్రం మీ ఆసుపత్రిలో ఏదో ఒక మెడికల్ వార్డుకి రండి. ముందుగా ఫోన్ చేయొద్దు, వెంట ఎవరినీ తీసుకురావొద్దు. తలుపు పక్కన రోగుల వాళ్ళు కూర్చునే బల్ల ఉంటుంది, అక్కడ కూర్చోండి. 8.15 దాకా ఎవరు ఎవరికి ఏం అప్పజెప్పుతున్నారో వినండి. ‘కొంచెం చూస్తుండు’ అన్న మాట ఎన్నిసార్లు వినబడిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. మాస్కు పెట్టుకుని రండి, గుర్తుపట్టారంటే అందరూ రిజిస్టర్లు తెరిచేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
అనంతపురం.